మంచులో మెర్సెడ్ నది: సెట్టింగ్స్ కంటే ముందు నిలబడే చోటు చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఫ్రీమాంట్ నుంచి పోయిన జనవరిలో కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కుకి వెళ్ళారు. అక్కడి లోయలో వ్యాలీ వ్యూ అనే చోట మంచులో మెర్సెడ్ నదిని తీస్తే మంచేమో బూడిద రంగులో, నీడలన్నీ నీలంగా వచ్చాయి. నది మాత్రం మధ్యలో ఏమీ లేని నల్లటి పట్టీలా ఉంది. ఈ చలికాలం మళ్ళీ వెళ్తున్నారు కాబట్టి సెట్టింగ్స్ చెప్పమన్నారు, అల్ట్రా వైడ్ లెన్స్ కొనాలా అని కూడా అడిగారు.

బూడిద మంచు, నీలం నీడలు పది నిమిషాల్లో తేలిపోయే విషయాలు. మీరు చివర్లో మాటవరసకి అన్న నల్లటి పట్టీయే అసలు సమస్య, దానికి మెనూలో ఏ సెట్టింగూ లేదు. మంచులో నదిని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ మంచుని చూసి పెట్టుకోవాలి, నిలబడే చోటు మాత్రం నీటిని చూసి ఎంచుకోవాలి. ఎక్కువమంది మంచుని చూసి ఎక్కడ పడితే అక్కడ ట్రైపాడ్ పెట్టేస్తారు.

ముందు తేలికైనది. కెమెరా మీటర్ తన ముందున్న దృశ్యాన్ని సగటున మధ్యస్థ బూడిద రంగు అనుకుంటుంది. ఫ్రేమ్ నిండా మంచు ఉంటే, ఆ తెలుపుని కూడా బూడిదకి దించేస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ చెప్పినదానికంటే వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ వైపు తిప్పమంటారు. మబ్బు పట్టిన రోజు, ఫ్రేమ్‌లో చాలా భాగం మంచే అయితే ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 స్టాపుల దాకా సరిపోతుంది (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం). కానీ మీ ఫ్రేమ్ అలాంటిది కాదు. దాంట్లో నల్లటి నీరుంది, ముదురు ఆకుపచ్చ దేవదారు చెట్లున్నాయి, పైన బూడిద రంగు బండ ఉంది. ఇవన్నీ కలిసి మీటర్‌ని అవతలి వైపు లాగుతాయి. ఇంటర్నెట్‌లో చదివి గుడ్డిగా ప్లస్ 2 పెడితే ఒడ్డు మీది మంచు తెల్లకాగితం అయిపోతుంది. అంకె పట్టుకుని వేలాడకుండా హిస్టోగ్రామ్ (ఎడమ వైపు చీకటి, కుడి వైపు వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) చూడండి. మంచు తాలూకు గుట్ట కుడి అంచుకి దగ్గరగా రావాలి, అంచుని తాకకూడదు. హైలైట్ హెచ్చరిక (వివరం పోయిన తెల్లటి చోట్లని స్క్రీన్ మీద మెరిపించేది) ఆన్ చేసి, మంచులో ఎక్కడైనా మెరుస్తుంటే మూడో వంతు స్టాప్ తగ్గించుకోండి. నీటి మీద ఎండ తళుక్కుమన్న చుక్కలు మెరిస్తే పట్టించుకోనక్కర్లేదు. ఎండ తగిలిన మంచు మీద ఇంకా జాగ్రత్త కావాలి, అక్కడ చాలాసార్లు ప్లస్ 0.7 చాలు.

రా ఫైల్‌లోనే (కెమెరా కుదించకుండా దాచే ఫైల్) తీయండి. జేపెగ్‌లో తెల్లగా కాలిపోయిన మంచు వివరం మళ్ళీ రాదు.

నీలం సంగతి. నీడలో ఉన్న మంచుకి వెలుతురు వచ్చేది నీలాకాశం నుంచి. అది నిజంగానే నీలంగా ఉంటుంది, మన కళ్ళు సర్దుకుంటాయి కాబట్టి మనకి తెలీదు. దాన్ని పూర్తిగా చంపేయాలని చూడకండి. ఎడిటింగ్‌లో తెలుపుని సరిచేసే ఐడ్రాపర్ తీసుకుని నీడలోని మంచు మీద నొక్కితే మంచు తెల్లబడుతుంది గానీ, వెనక ఎండ పడుతున్న ఎల్ కాపిటాన్ బండ మొహానికి పసుపు పూసినట్టు అవుతుంది. ఎండ పడిన చోట వెచ్చగా, నీడలో కొంచెం నీలంగా ఉండటమే చలికాలపు సాయంత్రం రంగు. నేను మామూలుగా వైట్ బ్యాలెన్స్ (ఫోటో మొత్తం రంగుని వెచ్చగానో నీలంగానో జరిపే సెట్టింగ్) డేలైట్ దగ్గర మొదలుపెట్టి, నీలం మరీ అతిగా అనిపిస్తే ఆ ఒక్క రంగు గాఢత కొంచెం తగ్గిస్తాను. పూర్తిగా మబ్బు పట్టి, ఎండే లేని రోజైతే 6000 కెల్విన్ అటూ ఇటూ పెట్టి చూడండి.

ఇప్పుడు నది. మెర్సెడ్ నది మంచు కరుగు నీటి నది. మే, జూన్‌లలో ఒడ్లు ఒరుసుకుంటూ పారుతుంది. చలికాలంలో పై కొండల్లో పడ్డదంతా మంచుగా అక్కడే ఉండిపోతుంది కాబట్టి లోయలో నీరు తక్కువగా, నెమ్మదిగా ఉంటుంది. రాళ్ళు బయటపడి, ఒక్కో రాయి మీద మంచు టోపీ నిలుస్తుంది. మధ్యమధ్య నీరు అద్దంలా ఆగుతుంది. (ఎప్పుడూ ఇంతే అనుకోకండి. 1997 జనవరిలో మంచు మీద వెచ్చటి వాన పడి ఇదే నది వరదెత్తింది, రెండు నెలలకు పైగా లోయ మూసేశారు.)

అలా నిలిచిన నీటికి సొంత రంగంటూ పెద్దగా ఉండదు. అది దేన్ని చూపిస్తోంది, ఎంత చూపిస్తోంది అన్నది మీరు చూసే కోణాన్ని బట్టి ఉంటుంది. లెక్క చాలా సులువు. మీ కంటి ఎత్తులో నేలకి సమాంతరంగా ఉన్న గీత నుంచి పది డిగ్రీలు కిందికి చూస్తే, ఆ నీటి మీద కనపడేది ఎదురుగా పది డిగ్రీలు పైన ఉన్న వస్తువు. ఇరవై కిందికి చూస్తే ఇరవై పైన ఉన్నది. ఇక ఎంత ప్రకాశంగా కనపడుతుందంటే, నిటారుగా కిందికి చూసినప్పుడు నీరు వెలుతురులో సుమారు 2 శాతమే తిప్పి పంపుతుంది. పది డిగ్రీల వాలులో చూస్తే సుమారు మూడో వంతు. పాతిక డిగ్రీల దగ్గర పదో వంతు కూడా రాదు.

దీన్ని వ్యాలీ వ్యూకి అన్వయించి చూడండి. ఎల్ కాపిటాన్ లోయ నేల నుంచి 3000 అడుగులు లేస్తుంది. అక్కడి నుంచి దాని తల సుమారు పాతిక డిగ్రీల ఎత్తులో కనపడుతుందనుకోండి. అంటే నీటిలో దాని తల కూడా పాతిక డిగ్రీలు కిందనే, మీ కాళ్ళకి దగ్గర్లో కనపడాలి, అదీ అసలు బండకంటే మూడు స్టాపులకు పైగా చీకటిగా. నది మధ్య భాగంలో, అంటే ఐదు నుంచి పది, పన్నెండు డిగ్రీల కింద, కనపడేది అవతలి ఒడ్డు దేవదార్లు. అవి అసలే ముదురు రంగు, నీటిలో ఇంకా ముదురు. మబ్బు రోజున బండ మీద ఎండ ఉండదు కాబట్టి దగ్గరి నీటిలోనూ ఏమీ తేలదు. మీ నల్లటి పట్టీ అక్కడి నుంచి వచ్చింది. కెమెరా తప్పేమీ లేదు, అది ఉన్నదే చూపించింది.

కాబట్టి నీటిలో రంగు కావాలంటే రెండు కుదరాలి. ఒకటి, ఆ కోణంలో వెలుతురు పడుతున్నది ఏదైనా ఉండాలి. రెండు, ఆ కోణంలో మీ ముందు ఒడ్డు మంచు కాకుండా నీరు ఉండాలి.

మొదటిదానికి ఈ లోయ బాగా సాయం చేస్తుంది. లోయ తూర్పు పడమరలుగా ఉంటుంది. డిసెంబర్ చివర్లో నడి మధ్యాహ్నం కూడా అక్కడ సూర్యుడు 29 డిగ్రీల ఎత్తు దాటడు. దక్షిణం వైపు గోడ నీడ లోయ నేల మీద చాలాసేపు పరుచుకుని ఉంటుంది. సాయంత్రం మూడు దాటాక నైరుతి నుంచి వచ్చే ఎండ ఎల్ కాపిటాన్ మీద పడుతుంది, నది మాత్రం నీడలో ఉంటుంది. నీటి మీద నేరుగా ఎండ లేదు, ఎదురుగా బంగారు రంగు బండ ఉంది. మూడు స్టాపులు తగ్గినా ఆ రంగు నీడలోని నీటిలో చక్కగా నిలుస్తుంది, చుట్టూ ఉన్న నీలపు మంచు దాన్ని ఇంకా ఎత్తి చూపిస్తుంది. డిసెంబర్, జనవరి మొదట్లో ఐదింటి లోపే సూర్యాస్తమయం, కాబట్టి మూడింటికల్లా ట్రైపాడ్ వేసి ఉండండి.

రెండోది చాలామందికి తట్టదు. ల్యాండ్‌స్కేప్ అనగానే "కెమెరా బాగా కిందికి దించు" అని సలహా ఇస్తారు. నీటి అంచునే ఉంటే అది మంచి సలహానే. కానీ మంచు పడ్డాక మీరు అంచుకి వెళ్ళలేరు, మీకూ నీటికీ మధ్య ఐదో పదో అడుగుల వెడల్పున మంచు మేట ఉంటుంది. అక్కడ కెమెరా దించితే ఆ మేట దగ్గరి నీటిని కప్పేస్తుంది, ప్రతిబింబంలో కొండ తల తెగిపోతుంది. నీటికి పది అడుగులు వెనక ఉండి పాతిక డిగ్రీల కోణం దొరకాలంటే కెమెరా నీటి మట్టం కంటే దాదాపు ఐదు అడుగుల ఎత్తులో ఉండాలి. అంటే ట్రైపాడ్ కాళ్ళు మొత్తం చాచండి. లైవ్ వ్యూ ఆన్ చేసుకుని కెమెరాని చేత్తో పైకి కిందికి కదిలించి చూడండి, ప్రతిబింబం ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతోందో అర నిమిషంలో అర్థమవుతుంది. ఆ తర్వాతే ట్రైపాడ్ వేయండి. ఈ కోణం ఆటకి మంచు అక్కర్లేదు. ఊరికి వెళ్ళినప్పుడు పాపికొండల దగ్గర గోదావరి మీద పొద్దున్నే సాధన చేసుకోవచ్చు.

అంచు విషయంలో ఇంకో మాట, ఇది ఫోటో కోసం కాదు. నది ఒడ్డున మంచు నేలని దాటి నీటి పైకి చూరులా పెరుగుతుంది. పైనుంచి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది, కింద ఖాళీ. ట్రెక్కింగ్ కర్రతో పొడిచి, కింద రాయో మట్టో తగిలితేనే అడుగు వేయండి. బూట్లకి మైక్రోస్పైక్స్ (మంచు మీద జారకుండా పట్టే ముళ్ళు) తగిలించుకోండి. ఆ నీటిలో నడుం దాకా పడితే ఈత వచ్చినా ఉపయోగం ఉండదు.

పోలరైజర్ (నీటి మీది మెరుపుని, ప్రతిబింబాన్ని తగ్గించే ఫిల్టర్) మీ దగ్గర ఉందన్నారు. దాన్ని తిప్పి తిప్పి "బాగా పనిచేసే" చోట ఆపడం అలవాటు. నది దగ్గర అలా చేస్తే మీకు కావలసిన ప్రతిబింబమే పోతుంది. దగ్గరి నీటిలో ఆ రిఫ్లెక్షన్‌లో చాలా భాగం పోలరైజ్ అయి ఉంటుంది, ఫిల్టర్ తేలిగ్గా తుడిచేస్తుంది. మబ్బు రోజున మాత్రం అదే వరం. రిఫ్లెక్షన్‌లో ఎలాగూ ఏమీ లేదు కాబట్టి తుడిచేస్తే అడుగున గులకరాళ్ళు, వాటి గోధుమ, ఆకుపచ్చ రంగులు బయటికొస్తాయి. నల్లటి పట్టీకి అదొక మందు. తడిసిన రాళ్ళ మీద, బెరడు మీద తెల్లటి మెరుపు కూడా పోతుంది. బండ మీద ఎండ ఉంటే ఫిల్టర్ తీసేయండి, లేదా ప్రతిబింబం బాగా నిండుగా కనపడే వైపుకి తిప్పండి. ఇంకోటి, ఇది వెలుతురుని ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు తినేస్తుందని గుర్తుంచుకోండి.

షట్టర్ స్పీడ్ మీద నా అభిప్రాయం కొందరికి నచ్చదు. ఎన్డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే ముదురు గాజు) పెట్టి ముప్పై సెకన్లు తీస్తే మంచు సీన్‌లో నది చెడిపోతుంది. వేరే చోట్ల నీరు తెల్లటి పాలనురగలా రావడం బాగుంటుందేమో, ఇక్కడ రెండు పక్కలా తెలుపే ఉంది. నీరూ తెల్లబడితే ఒడ్డు ఎక్కడో ఏరు ఎక్కడో తెలియదు. ఫ్రేమ్‌లో ముదురుగా ఉన్నది నీరొక్కటే, దాన్ని ముదురుగానే ఉంచుకోండి. నీరు రాళ్ళ మీద దూకే చోట పావు సెకను నుంచి ఒక సెకను దాకా ఇస్తే నీటి గీతలు మిగులుతాయి. నిలకడ నీటిలో సన్నటి అలలు ప్రతిబింబాన్ని చెదరగొడుతుంటే అర సెకను నుంచి రెండు సెకన్లు. ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8 నుంచి ఎఫ్/11. ముందున్న మంచు టోపీ రాయి చాలా దగ్గరైతే దాని మీద ఒక ఫోకస్, కొండ మీద ఒక ఫోకస్ పెట్టి రెండు ఫ్రేములు కలుపుకోండి. ఎఫ్/22కి వెళ్తే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల మంచు రేణువుల పదును పోతుంది.

మంచు పడుతుండగా తీయాలంటే లెక్క మారుతుంది. అర సెకనులో రాలే మంచు మాయమై, దృశ్యం మీద పల్చటి తెర మిగులుతుంది. పలుకులు చుక్కలుగా కనపడాలంటే 1/250 సెకను కంటే వేగంగా, గీతలుగా కావాలంటే 1/60, 1/30. వెనక ముదురు రంగు లేకపోతే ఏ స్పీడులోనూ కనపడవు, దేవదార్లూ నల్లటి నీరూ అక్కడ పనికొస్తాయి. ఆటోఫోకస్ పలుకుల వెంట పరిగెడుతుంది, మాన్యువల్‌లో పెట్టేయండి. లెన్స్ మీద పడ్డ మంచుని నోటితో ఊదకండి, ఆవిరి పట్టి ఇంకా పాడవుతుంది. రబ్బరు బ్లోయర్ వాడండి. లెన్స్ హుడ్ తప్పనిసరి. ఇంట్లో వాడే మామూలు గొడుగు ఏ రెయిన్ కవర్ కంటే బాగా పనిచేస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలన్నది కూడా సెట్టింగ్స్ కంటే ముఖ్యమే. లోయ నేల 4000 అడుగుల ఎత్తులోనే ఉంది. జనవరిలోనూ పగలు ఎనిమిది, తొమ్మిది డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కే రోజులు మామూలే. అంటే చెట్ల మీది మంచు తుఫాను తెరిపిచ్చిన పొద్దున్న ఉంటుంది, ఎండ తగిలాక ముద్దలు ముద్దలుగా రాలిపోతుంది. "తుఫాను పోయింది కదా, శనివారం వెళ్దాం" అంటే చెట్లు పచ్చగా, నేల బురదగా ఉంటుంది. తుఫాను ఉండగానే లోయలోకి చేరి రాత్రి అక్కడో పక్కనున్న ఎల్ పోర్టల్ ఊళ్ళోనో ఉండిపోతేనే పని జరుగుతుంది. ఫిబ్రవరి మూడో వారం చుట్టుపక్కల వద్దు. సాయంత్రపు ఎండలో నిప్పులా మెరిసే హార్స్‌టెయిల్ జలపాతం కోసం జనం విరగబడతారు, రోడ్ల మీద ఆంక్షలు కూడా ఉంటాయి.

పొద్దున్న సెంటినెల్ వంతెన, స్వింగింగ్ వంతెన చుట్టూ గడ్డి మైదానాల మీద పొగమంచు లేస్తుంది, కొమ్మలకి మంచు నూగు పట్టి ఉంటుంది. వాటికి సూర్యుడికి ఎదురుగా నిలబడండి. సాయంత్రం మాత్రం తేల్చుకోవాలి. వ్యాలీ వ్యూలో ఎల్ కాపిటాన్, సెంటినెల్ వంతెన నుంచి హాఫ్ డోమ్ కొండ, రెండూ చివరి ఎండలోనే బాగుంటాయి. లోయ రోడ్లు వన్ వే. వ్యాలీ వ్యూ నార్త్‌సైడ్ డ్రైవ్ మీద, బయటికి వచ్చే దారిలో ఉంది. అక్కడి నుంచి పొహోనో వంతెన దాటి సౌత్‌సైడ్ డ్రైవ్ మీదుగా మళ్ళీ లోపలికి రావాలి. టైర్లకి మంచు చెయిన్లు వేసుకుని గంటకి 25 మైళ్ళలో ఆ చుట్టు తిరిగేలోపు ఎండ పోతుంది. ఒక సాయంత్రానికి ఒక్క చోటు. మొదటి రోజు అయితే నేను వ్యాలీ వ్యూ అంటాను, అక్కడ నదే ముందు ఉంటుంది.

ఎక్కడైనా, కారు దిగగానే నీటి వైపు నడిచేయకండి. చెదరని మంచు మీద మీ అడుగులే ముందు పడితే తర్వాత ఎడిటింగ్‌లో తుడుచుకుంటూ కూర్చోవాలి. దూరం నుంచి ఒక ఫ్రేమ్ తీసుకుని, ఫ్రేమ్ బయటి నుంచి చుట్టూ తిరిగి వెళ్ళండి.

దారి సంగతి. బే ఏరియా నుంచి మామూలు రోజుల్లో నాలుగు గంటలు. చలికాలంలో మెర్సెడ్, మారిపోసా ఊళ్ళ మీదుగా వచ్చే హైవే 140 మేలు, నది పక్కనే తక్కువ ఎత్తులో వస్తుంది. హైవే 120 దారి క్రేన్ ఫ్లాట్ దగ్గర 6000 అడుగులు దాటుతుంది, అక్కడే కార్లు జారేది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా చెయిన్లు కారులో ఉండాల్సిందే, లేకపోతే వెనక్కి పంపేస్తారు. ఇంటి ముందు ఒకసారి వేసి తీసి చూసుకోండి. అద్దె కారైతే చెయిన్లు వేయనిస్తారో లేదో ముందే కనుక్కోండి, చాలా కంపెనీలు ఒప్పుకోవు.

బ్యాటరీల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు, ఇది లడఖ్ కాదు. జంస్కార్ నది మీద చాదర్ ట్రెక్‌కి వెళ్ళేవాళ్ళకి అది పెద్ద బాధ, అక్కడ నదే గడ్డకట్టి ఉంటుంది కాబట్టి పైన చెప్పిన ప్రతిబింబం లెక్క కూడా చాలావరకు పనిచేయదు. మీరు ఒక స్పేర్ బ్యాటరీ లోపలి జేబులో పెట్టుకుంటే చాలు. హోటల్ గదిలోకి వెళ్ళేముందు కెమెరాని బయటే జిప్‌లాక్ కవర్లో పెట్టి మూసేయండి. చల్లటి కెమెరా వెచ్చటి గదిలోకి వస్తే లోపలా బయటా చెమ్మ పడుతుంది, కవర్ ఉంటే ఆ చెమ్మ కవర్ మీద పడుతుంది. గది వేడికి వచ్చేదాకా ఒకటి రెండు గంటలు తెరవకండి. మెమరీ కార్డు మాత్రం ముందే తీసేసుకోండి.

ఇక లెన్స్. కొనకండి. మీ 24-70 మి.మీ. లెన్స్ చాలు. అల్ట్రా వైడ్‌తో 16 మి.మీ.కి వెళ్తే ముందు మంచు మైదానం పెద్దదై, ఎల్ కాపిటాన్ వెనక్కి జరిగి చిన్నదైపోతుంది. వ్యాలీ వ్యూలో నా ఫ్రేములు ఎక్కువగా 28, 35 మధ్యే ఉంటాయి. ప్రతిబింబం మొత్తం పట్టకపోతే కెమెరా నిలువుగా తిప్పి రెండు మూడు ఫ్రేములు పక్కపక్కన తీసి కుట్టుకోవచ్చు. ఆ లెన్స్ డబ్బులతో లోయలో ఇంకో రెండు రాత్రులు బుక్ చేసుకోండి, రద్దు చేసుకునే వీలున్నవి చూసి. తుఫాను ఏ వారం వస్తుందో నెల ముందు ఎవరూ చెప్పలేరు కదా.